ఆగడం లేని ఆట

నేను ఒక బటన్‌ని. కాజాలో దూరేదాన్ని కాదు, గోడ మీద టిక్కుమనేదాన్నీ కాదు. గాజు కింద గీసిన బొమ్మని. బూడిద రంగు, గుండ్రటి మూలలు, మధ్యలో తెల్లటి అక్షరాలు: పాస్. ఫోన్‌లో ఆడే ఒక పేకాటలో కింద కుడిపక్కన ఉంటాను. నాకు బరువు లేదు, వాసన లేదు, తుప్పు పట్టను. అయినా అలిసిపోయాను. అలిసిపోవడానికి ఒళ్ళే ఉండనక్కర్లేదు. మనుషుల వేళ్ళ కింద ఉంటే చాలు.

పుట్టింది హైదరాబాదులో, అద్దాల మేడలో, ఏసీ చలిలో. ఇద్దరు ఉద్యోగులు నన్ను తయారు చేశారు. వాళ్ళు చేసిన ఆట పేరు మూడు కోటలు. ఇద్దరు ఆడాలి. మూడు కోటల్లో రెండు గెలిచినవాడిది ఆట. సిపాయి, గుర్రం, ఏనుగు బొమ్మలున్న ముక్కలు మొదట్లో పది ఇస్తారు, వాటినే మూడు కోటలకీ సరిపెట్టుకోవాలి. మళ్ళీ పంచరు. తన వంతు వచ్చినవాడు ఒక ముక్క వెయ్యాలి, లేదా నన్ను నొక్కాలి. నన్ను నొక్కితే వంతు అవతలివాడికి పోతుంది. అవతలివాడు ముక్క వేస్తే వంతు తిరిగి వస్తుంది. అవతలివాడు కూడా వెంటనే పాస్ అంటే ఆ కోట అక్కడితో ముగుస్తుంది. ఎవరి ముక్కల విలువ ఎక్కువైతే కోట వాళ్ళది. ఇంతే రూలు. ఇంత చిన్న రూలు అర్థం కాక మనుషులు ఎంత రభస చేశారో చూసిన తర్వాత, వాళ్ళు పెద్ద రూళ్ళు ఎలా పెట్టుకుంటారా అనిపిస్తుంది.

నేను పుట్టిన రోజున ఆ ఇద్దరికీ ఒక తగువు వచ్చింది.

"వంతు వచ్చినవాడు ఏమీ చెయ్యకుండా కూచుంటే?" అన్నాడు ఒకడు.

"పైన పచ్చ గీత పెడదాం. తరుగుతూ ఉంటుంది. అయిపోతే పాస్ నొక్కినట్టే."

"నొక్కకుండానే నొక్కినట్టా?"

"మరి రోజంతా చూస్తామా? అవతలివాడికి పనుల్లేవా?"

పనులున్నవాళ్ళు ఈ ఆట ఎందుకు ఆడతారని వాడికి తోచలేదు. నా తలరాత అలా రాసేసి ఇద్దరూ బిర్యానీకి వెళ్ళారు.

నన్ను మొదట నొక్కిన బొటనవేలు హైమది. శ్రీకాకుళం హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకి చదువుకునేది. ఆ పిల్లకి నా విలువ తెలుసు. చిన్న ముక్క ఒకటి పడేసి, నన్ను నొక్కి, చెంపకి చెయ్యి ఆనించుకుని కూచునేది. అవతలివాడు ఆవేశపడి పెద్ద ముక్కలన్నీ మొదటి కోటకే తగలేసేవాడు. మిగతా రెండు కోటలూ హైమ తీరిగ్గా పట్టుకునేది. వద్దనడం తెలిసినవాళ్ళు తక్కువ. వద్దని ఊరుకోవడం తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. హైమ పరీక్ష తప్పింది గానీ, అది వేరే సంగతి.

కొత్త ఫోన్ కొనుక్కున్నాక పాతది మేనమామకి ఇచ్చింది. మేనమామ పేరు దాలినాయుడు. సముద్రం వైపు ఊరు. కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు టౌనుకి వచ్చి, మంచం మీద పడుకుని, రక్తాన్ని మిషన్లోకి పంపి కడిగించుకుని వెళ్ళాలి. ఎడమ చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. ఆ చెయ్యి కదపకూడదు.

"మావయ్యా, అక్కడ పడుకుంటే ఊసుపోదు గదా. ఇందులో పేకాట ఉంది," అంది హైమ.

"ఊసు పోవాలని ఎల్తన్నానా నాను?" అన్నాడాయన. కానీ ఫోన్ తీసుకున్నాడు.

ఆయన భార్య పైడమ్మ ఒక వానాకాలం జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు. అందుకు ఆయన వైద్యుణ్ణి క్షమించలేదు, ఆటోవాణ్ణి క్షమించలేదు, వానని క్షమించలేదు. చెప్పకుండా పోయినందుకు పైడమ్మనీ క్షమించలేదు. ఆమె వదిలి వెళ్ళింది ఒక గేదెని. అది ఆమె చేతికే చేపేది. ఆమె పోయాక ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చి పొదుగు కింద కూచుని చూశారు. ఎవరికీ పాలు దిగలేదు. చివరికి ఈయన కూచుంటే దిగాయి. ఎందుకో దానికే తెలియాలి. అప్పట్నించి ఆ గేదె ఆయన చెయ్యి తప్ప మరో చెయ్యి తాకనివ్వదు.

డయాలసిస్ గదిలో పక్క మంచం తవిటయ్యది. ఒకప్పుడు కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. ఒళ్ళు సహకరించక చెట్లు మానేసి, భార్యతో కలిసి రోడ్డు మలుపులో సాయంత్రం పూట బజ్జీలు వేసి అమ్ముకునేవాడు. నోరు ఊరుకోదు. రెండూళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండడంతో ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు.

ఇద్దరూ పేకాటలో పండినవాళ్ళే. పెళ్ళిళ్ళలో, శివరాత్రి జాగారాల్లో ఆడినవాళ్ళే. కానీ పదమూడు ముక్కలు విసనకర్రలా పట్టుకోవడానికి ఒక చెయ్యి, తీసి వెయ్యడానికి ఒక చెయ్యి కావాలి. వీళ్ళకి ఉన్నది ఒక చెయ్యే. ఫోన్ అయితే ఎవరిది వాళ్ళు కడుపు మీద పెట్టుకుని ఒక బొటనవేలితో ఆడొచ్చు. అలా ఈ ముసలివాళ్ళు నా దగ్గరికి వచ్చారు. ప్రేమతో కాదు, గతి లేక.

పక్క మంచంవాడితో ఆడడానికి కూడా ముక్క ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరుకి వెళ్ళి తిరిగి రావాలి. పక్కనే వాళ్ళ రక్తమూ అదే పని చేస్తూ ఉండేది. ఆ గదిలో ఏదీ తిన్నగా పోదు.

మొదట్లో దాలినాయుడు నన్ను ముట్టుకోలేదు. ఆయనకి తెలిసిన పేకాటలో ముక్కలు కింద పెట్టి వదిలేసినవాడు ఆ ఆటకి చచ్చినట్టే. పాస్ అంటే అదే అనుకున్నాడు. చావనైనా చస్తాను గానీ వదలనన్నాడు. మొదటి కోటలోనే పది ముక్కలూ వేసేసేవాడు. ఆ కోట ఘనంగా గెలిచేవాడు. రెండో కోటకి చేతులు ఖాళీ. మూడో కోటకీ ఖాళీ. చేతిలో ముక్క లేనివాడికి నేను తప్ప దిక్కు లేదు. ఆయన కళ్ళెదుటే నేను నాకు నేనే నొక్కుకుంటూ ఉండేదాన్ని.

"ఇది దొంగాట," అనేవాడు.

ఒకరోజు తవిటయ్య పడీపడీ నవ్వి, గది మొత్తానికీ వినపడేలా పాఠం చెప్పాడు.

"బావా, బంతిలో కూచున్నావు. వంకాయకూర తెచ్చారు. వొద్దన్నావు. అంటే విస్తరి ముందునించి లేచిపోయినట్టా?"

"కాదు."

"పక్కోడు ఎయ్యమన్నాడు. వొడ్డించేవోడు మళ్ళీ నీ దగ్గరికొస్తాడా, రాడా?"

"వొస్తాడు."

"ఇద్దరూ వొరసగా వొద్దంటే?"

"విస్తళ్ళు తీసేస్తారు."

"అదే పాసు. దీనికింత బుర్ర కావాలేటి నీకు?"

"ముందే ఆ మాట చెప్పొచ్చు గదా. దొంగాట కాకపోతే దొంగ మనిషివి నువ్వు."

ఆ రోజు నుంచి దాలినాయుడు నన్ను నొక్కడం మొదలుపెట్టాడు. గేదెలు కాచిన వేలు. గరుకు. మొదట్లో అనుమానంగా, తర్వాత కసిగా. నాలుగు వారాలు తిరిగేసరికి హైమ ఎత్తులన్నీ ఆయనకి వచ్చేశాయి. ఇవ్వకుండా గెలవడం ఆయన స్వభావానికి సరిపోయింది.

తగువు వచ్చింది ఆటలో కాదు, మంచం దగ్గర. ఇద్దరూ మధ్యాహ్నం బ్యాచ్‌లో ఉండేవారు. సూదులు తీసి, కట్టు కట్టి, తల తిరగడం తగ్గేసరికి ఊరికి పోయే ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. ఆస్పత్రి వసారాలో పడుకుని తెల్లవారి వెళ్ళాలి. ఆ సాయంత్రం గేదె అరిచి అరిచి ఊరుకునేది. పాలు పిండకపోతే పొదుగు పాడవుతుంది, తర్వాత పాలే ఎండిపోతాయి. సగం ఎండిపోయాయి కూడా. అక్కడ తవిటయ్య భార్య ఒక్కతే మూకుడు ముందు నిలబడి, పిండి కలపలేక, జనానికి జవాబు చెప్పలేక, పొయ్యి ఆర్పేసేది.

ఉదయం బ్యాచ్‌లో ఒక మంచం ఖాళీ అయింది. ఎందుకు ఖాళీ అయిందని ఎవరూ అడగలేదు. అక్కడ మంచాలు ఒకే రకంగా ఖాళీ అవుతాయి.

ఆ గది చూసుకునే నర్సు పేరు రత్నం. ఇద్దరికీ సూదులు గుచ్చి, మధ్యలో నిలబడి చెప్పింది.

"తాతా, ఇద్దరూ ఉదయం కావాలని నా ప్రాణం తోడేస్తున్నారు. ఉన్నది ఒకటే మంచం. మీరే తేల్చుకోండి. నేను వెళ్ళేలోగా ఒక పేరు చెప్పండి."

"నాకు గేదె ఉంది," అన్నాడు దాలినాయుడు.

"నాకు పెళ్ళాం ఉంది," అన్నాడు తవిటయ్య.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. దాలినాయుడు గోడవైపు తిరిగాడు. గోడవైపు నుంచే అన్నాడు.

"ఫోన్ తియ్యి."

ఒకే ఆట. గెలిచినవాడిది మంచం.

అంత నిశ్శబ్దంగా వాళ్ళు ఎన్నడూ ఆడలేదు. తవిటయ్య నోరు కూడా మూతపడింది. మొదటి కోట దాలినాయుడు గెలిచాడు, చాలా చవగ్గా, నన్ను సమయానికి నొక్కి. రెండోది తవిటయ్య పట్టాడు. మూడో కోటలో ఇద్దరి దగ్గరా ముక్కలు అడుగంటాయి. తవిటయ్య గుర్రం వేశాడు. దాలినాయుడు కావాలనే చిన్న ముక్క వేశాడు. తవిటయ్య కొంచెం ముందున్నాడు. దాలినాయుడి చేతిలో మిగిలిన ముక్క ఏనుగు. దాన్ని మించింది ఆ ఆటలో లేదు. వంతు తవిటయ్యది.

"ఎయ్యి బావా," అన్నాడు దాలినాయుడు.

తవిటయ్య వేలు కదల్లేదు.

"ఎయ్యవా? వొగ్గేస్తావా?"

తవిటయ్య ఫోన్ ఛాతీ మీదికి జారింది. కళ్ళు పైకి తిరిగాయి. నుదుటి మీద చెమట. ఆ గదిలో బీపీ అలాగే పడిపోతుంది, చెప్పకుండా. అవతల ఫోన్‌లో పచ్చ గీత అయిపోయింది. అక్కడ నా తోబుట్టువు ఒకటుంది. తనకు తానే నొక్కుకుంది. మా తెర మీద అక్షరాలు పడ్డాయి: ఎదుటివారు పాస్. మీ వంతు.

అంటే ఇక ఏనుగు వెయ్యడమే. వేస్తే కోట దాలినాయుడిది, ఆట ఆయనది, మంచం ఆయనది. ఎదుటివాడు స్పృహలో లేడు, అడ్డు వెయ్యలేడు. బొటనవేలు ఏనుగు మీదే ఉంది. ఆ వేలు గురించి నాకు తెలుసు. అది జాలి ఎరగదు.

వేలు లేచింది. ఆయన ఫోన్‌ని పక్క మీద బోర్లా పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పాడు. తర్వాత గొంతు చించుకుని అరిచాడు.

"సిస్టరమ్మా! బేగి రా! బావ పోతన్నాడు!"

ఆ ఊళ్ళలో పేకాటకి ఒక కట్టుబాటు ఉందని నాకు తర్వాత మాటల్లో తెలిసింది. ఆట మధ్యలో ఎవడైనా లేచి వెళ్ళాల్సి వస్తే, అందరూ ముక్కలు బోర్లా పెడతారు. పైన తువ్వాలు కప్పుతారు. లేచినవాడు తిరిగొచ్చి కూచునేదాకా ఎవడూ ముక్క ముట్టడు. వాడు వీధి చివరిదాకా వెళ్ళినా సరే, కబురొచ్చి పక్క ఊరికి వెళ్ళినా సరే. ముట్టినవాణ్ణి ఆ తర్వాత ఏ పందిట్లోనూ ఆటకి కూచోబెట్టరు.

కట్టుబాటు మంచిదే. నన్ను చేసినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

తువ్వాలు కింద చీకటిలో పచ్చ గీత తరుగుతోంది. పైన కాళ్ళ చప్పుడు, మంచం తల దించిన చప్పుడు, "కాళ్ళు ఎత్తి పట్టుకోండి" అని రత్నం గొంతు, "బావా, ఓయ్ బావా, కళ్ళు తెరూ" అని ఈయన గొంతు. గీత అయిపోయింది. నన్ను ఎవరూ తాకలేదు. నేను నొక్కుకున్నాను. వరసగా రెండు పాస్‌లు. కోట ముగిసింది. తవిటయ్య గెలిచాడు.

సెలైన్ ఎక్కాక తవిటయ్య కళ్ళు తెరిచి, నీళ్ళు అడిగి, ఇన్ని గుటకలే తాగాలని తిట్లు తిని, అప్పుడు అన్నాడు.

"ఓడిపోనాను గదా బావా. సరేలే. గేదె ముఖం సూసి ఇచ్చాననుకుంటాను."

"ఓడిపోడమేటి? ఆట ఆపాను. కూచో, ఆడదాం." దాలినాయుడు తువ్వాలు తీశాడు. ఫోన్ తిప్పాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. "సిస్టరమ్మా, ఇదేటి రాసింది?"

రత్నం వంగి చదివింది. "మీరు ఓడిపోయారని."

"నాను ముక్క ఎయ్యలేదే!"

"వెయ్యలేదు కాబట్టే. టైమైపోతే పాస్ అన్నట్టే."

"పాసూ అన్లేదు! ఆపాను!"

"ఇందులో ఆపడం లేదు తాతా. వెయ్యడం, వదలడం. అంతే."

దాలినాయుడు నావైపు చూశాడు. నన్ను చాలామంది కోపంగా నొక్కారు. నొక్కకుండా అంత కోపంగా ఎవరూ చూడలేదు.

తవిటయ్య మెల్లగా తల తిప్పాడు. "బావా, నీ చేతిలో ఏటి మిగిలింది?"

"ఏదైతే నీకేటి?"

"ఏనుగా?"

దాలినాయుడు తువ్వాలు భుజం మీదికి లాక్కున్నాడు.

"నా దగ్గరున్నది సిపాయి. ఏనుగేస్తే నా పని అయిపోను. ఎందుకెయ్యలేదు?"

"నువ్వు లేవు గదా," అన్నాడు దాలినాయుడు, అంత తెలివితక్కువ ప్రశ్న జీవితంలో విననట్టు.

తవిటయ్య పైకప్పు వైపు చూస్తూ అన్నాడు. "ఉదయం మంచం నువ్వే తీసుకో."

"గెలిచినోడివి నువ్వు."

"గెలిచే ముక్క నీ దగ్గరుంది."

"చేతిలో ముక్క ముక్క కాదు. పడ్డదే ముక్క."

"ఐతే మళ్ళీ పంచు."

"ఆపిన ఆట మళ్ళీ పంచరు. ఎక్కడ ఆపామో అక్కణ్ణించే ఆడాల."

"ఆ అక్కడ ఇప్పుడు లేదు గదా!"

"లేకపోతే లేదు. ఓడినోడి నోట్లో మంచం కుక్కితే మింగీ మనిషిని కాదు నాను."

"ఒరే బావా, నీ మూతి మీద గేదె తన్న! దాని పాలెండిపోతాయి గదరా!"

"నీ పెళ్ళాం పొయ్యి ఆరిపోద్ది గదా."

మొదట మంచం నాది అంటే నాది అన్నవాళ్ళు, ఇప్పుడు నీది అంటే నీది అని అరుచుకున్నారు. గొంతులు మాత్రం ముందుకన్నా పెద్దవయ్యాయి. మనుషులు ఇవ్వడానికి కూడా తగువులాడతారు. ఇందులో మంచితనం ఎంతో, మొండితనం ఎంతో విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు. నేను వెయ్యడం, వదలడం అనే రెండు మాటలే తెలిసినదాన్ని.

రత్నం చెప్పులు మార్చుకుని, సంచి భుజాన వేసుకుని వచ్చింది. "పేరు చెప్పండి."

"బావకి," అన్నాడు దాలినాయుడు.

"బావకే," అన్నాడు తవిటయ్య.

"సూదులు పొడిచీ పొడిచీ నా చేతులు పడిపోతున్నాయి, మీ మర్యాదలు మొయ్యడానికి నాకు ఓపిక లేదు," అని ఆవిడ వెళ్ళిపోయింది. ఉదయం మంచం కొత్తగా చేరిన ఒక టైలరుకి ఇచ్చింది. ఆయన అడగను కూడా లేదు. సాయంత్రాలు ఇంటి దగ్గర ఆయనకి పని ఏమీ ఉండదట. టీవీ చూస్తాడట.

మర్యాద ఇద్దరికీ దక్కింది. వర్షాలు మొదలయ్యేసరికి గేదె పాలు పూర్తిగా ఎండిపోయాయి. దాలినాయుడు దాన్ని అమ్మలేదు. ఒట్టిపోయినదాన్ని ఎందుకు మేపుతున్నావని అడిగినవాళ్ళతో మాట్లాడడం మానేశాడు. తవిటయ్య భార్య సాయంత్రం గిరాకీని ఒక్కతే తట్టుకోలేక బజ్జీల బండిని మధ్యాహ్నానికి మార్చింది. మధ్యాహ్నం బజ్జీలు ఎవరు తింటారు? ఏదో తిన్నవాళ్ళు తిన్నారు. ఇద్దరిలో ఎవరూ ఈ మాట రెండోవాడి దగ్గర ఎత్తగా నేను వినలేదు.

నన్ను కూడా ఆ తర్వాత ఎవరూ నొక్కలేదు. దాలినాయుడు ఫోన్‌ని హైమతో మాట్లాడడానికి మాత్రమే వాడతాడు. మిగతా సమయమంతా జేబులో ఉంటుంది, చుట్టల పక్కన. ఆటలో రూళ్ళు మార్చారనీ, కొత్త రంగులు వేశారనీ, మా పాత బూడిద రంగు బటన్లని తీసేసి ఎర్రవి పెట్టారనీ ఫోన్‌కి కబుర్లు వస్తుంటాయి. ఈయన వాటిని చూడడు. అందుకని నేను ఇంకా ఇక్కడే, ఇలాగే ఉన్నాను. మ్యూజియంలో పెట్టినా ఇంతకన్నా భద్రంగా ఉండను, ఇంతకన్నా పనికిరాకుండానూ ఉండను.

ఇప్పుడు వాళ్ళు అసలు ముక్కలతో ఆడుతున్నారు. మందుల పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ దిమ్మకి రత్నమే బ్లేడుతో గాట్లు పెట్టి ఇచ్చిందట. ఆ గాట్లలో ముక్కలు నిలబెడితే ఒంటిచేత్తో తీసి వెయ్యొచ్చు. మంచాల మధ్య స్టూలు ఒకటి. ఇదంతా నేను చూడలేదు. జేబులోంచి విన్నాను.

నిన్న తవిటయ్య గొంతు వినపడింది. ఈమధ్య ఆ గొంతులో సత్తువ తగ్గింది.

"ఎయ్యి బావా."

"ఉండు."

"ఎంతసేపుండాల?"

"ఉండమన్నానా."

తర్వాత చాలాసేపు ఎవరూ ఏమీ వెయ్యలేదు. ఎవరూ ఓడిపోలేదు.